అబ్బాయి తెచ్చే సైకిలా, నా పాత సైకిలా?

హనుమకొండ నుంచి ఒక లెక్చరర్ గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 49, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతారు. నాలుగేళ్ల క్రితం డాక్టరు మోకాళ్ల కోసం సైకిల్ తొక్కమంటే 7 గేర్ల హైబ్రిడ్ ఒకటి కొన్నారు. ఇప్పుడు మోకాళ్ల మాట మర్చిపోయి దూరాల మీద పడ్డారు. రోజూ పొద్దున్నే 25, 30 కిలోమీటర్లు తొక్కుతారు. పోయిన డిసెంబర్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో శనివారం రామప్ప వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం తిరిగొచ్చారు. రానూపోనూ 140 కిలోమీటర్ల దాకా. "వచ్చాక రెండు రోజులు చిటికెన వేలికి, దాని పక్క వేలికి స్పర్శ లేదు. కుర్చీలో కూర్చోవాలంటే ఏడుపొచ్చేది. అయినా మళ్లీ ఎప్పుడు వెళ్దామా అనే ఉంది" అన్నారు.

వచ్చే జనవరిలో ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం, మణుగూరు మీదుగా నాలుగు రోజుల్లో భద్రాచలం చేరాలని ఆమె కోరిక. పొద్దుటి గ్రూపులో వాళ్లేమో "అదెందుకు మేడమ్, 200 కిలోమీటర్ల బీఆర్ఎం చేద్దాం, మెడల్ వస్తుంది" అంటున్నారు. బీఆర్ఎం అంటే ఇంత దూరాన్ని ఇన్ని గంటల్లో అని తొక్కి ముగించే సైకిల్ ప్రయాణం. ఈలోగా డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్. "అమ్మా, నీకు బైక్‌ప్యాకింగ్ సెటప్ మొత్తం నేనే తెస్తా." అంటే సామాను సంచులు సైకిల్‌కే కట్టుకుని దూరాలు వెళ్లే ఏర్పాటు. కార్బన్ ఫ్రేము, ఎలక్ట్రానిక్ గేర్లు, ట్యూబ్‌లెస్ టైర్లు, ఫ్రేము సైజు 52, దాంతోపాటు సీటు కింద, ఫ్రేము మధ్యలో, హ్యాండిల్ మీద కట్టే మూడు సంచులు. మొత్తం 2,800 డాలర్లు. డిస్కౌంట్ ఇంకో పది రోజులే ఉందట. ఇంట్లో ఆయన బైక్ అంటే ముందు మోటార్ సైకిల్ అనుకున్నారట, సైకిలని తెలిశాక ఆ ధర విని ఇంకా కంగారుపడ్డారు. భద్రాచలం ప్రయాణానికి అడ్డు చెప్పరు గానీ, నాలుగు రోజులూ కారులో వెనకే వస్తానంటారు.

"వాడు మూడేళ్లకి వస్తున్నాడు. వద్దంటే నొచ్చుకుంటాడు. తీసుకుంటే ఆ సైకిల్‌ని చూసి భయపడేది నేనే. నా పాత సైకిల్ మీద అంత దూరం వెళ్లలేనా? అసలు ఏం కొనాలి, ఏం కట్టుకోవాలి?" ఇదీ ఉత్తరం.

మేడమ్, ముందు ఆ పది రోజుల టెన్షన్ పక్కన పెట్టండి. సైకిళ్ల డిస్కౌంట్లు మన ఆషాఢం సేల్ లాంటివి. ఇది పోతే దసరాకి ఇంకోటి వస్తుంది. తొందరపడి తప్పు సైజు కొంటే మాత్రం దాన్ని డల్లాస్‌కి తిరిగి పంపలేరు.

మీ ఉత్తరంలో మూడు విషయాలు కలగలిసిపోయాయి. ఒంటి నొప్పి ఒకటి, సైకిల్ ఒకటి, ఇంట్లోవాళ్ల ప్రేమ ఒకటి. కొత్త సైకిల్ వస్తే నొప్పి పోతుందని మీ అబ్బాయి అనుకుంటున్నాడు. అది నిజమో కాదో చూడాలంటే నొప్పి దగ్గరే మొదలుపెట్టాలి.

చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారాయంటే అరచేతి మడమ దగ్గర నరం ఒత్తుకుంటోంది. ఒంటి బరువు సీటు మీద కాకుండా చేతుల మీదికి జారుతోందన్నమాట. మీరే రాశారు, "షాపులో ఉన్నది ఆ ఒక్క సైజే, సీటు దించి ఇచ్చారు" అని. మన ఊళ్లలో ఆడవాళ్లకి సైకిల్ అమ్మే పద్ధతే ఇది. సీటు దించితే కాలు అందుతుంది గానీ హ్యాండిల్ దగ్గరికి రాదు. మీరు దాని మీదికి వంగి, చేతులు చాపి, నాలుగు గంటలు అలాగే ఉన్నారు. స్పర్శ పోకుండా ఎలా ఉంటుంది?

ముందు సీటు ఎత్తు సరిచేసుకోండి. గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా ఉండాలి. అలా ఉంటే పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ దించుకుని తొక్కడం మోకాళ్లకి అసలు మంచిది కాదు, మీరు మొదలుపెట్టిందే మోకాళ్ల కోసం. ఎత్తు పెంచితే ఆగినప్పుడు సీటు మీద నుంచే నేల అందదు. ముందుకు దిగి నిలబడటం అలవాటు చేసుకోవాలి, వారం పడుతుంది. తర్వాత సీటు సమంగా ఉందో లేదో చూడండి. ముక్కు కిందికి వాలి ఉంటే మీరు ముందుకి జారుతూ చేతులతో ఆపుకుంటున్నట్టే. హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే స్టెమ్ అనే ముక్క మీ సైకిల్‌కి 100 మిల్లీమీటర్లు ఉండొచ్చు. 60 లేదా 70 ది వేయిస్తే హ్యాండిల్ దగ్గరికొస్తుంది. కొన్ని వందల రూపాయల పని.

ఇక కూర్చునే బాధ. మెత్తటి జెల్ కవర్ వేసుకున్నానని రాశారు, దాన్ని తీసేయండి. మెత్తదనం ఎముకల కింద అణిగిపోయి మధ్యలో, అంటే ఒత్తిడి పడకూడని చోట, పైకి లేస్తుంది. స్టూలు మీద ముడతల అట్టముక్క వేసి, దాని మీద కాసేపు గట్టిగా కూర్చోండి. రెండు గుంటలు పడతాయి. వాటి నడిమధ్యల దూరం కొలిచి దానికి 2 సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు దాదాపుగా తెలుస్తుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకోండి, లోపల ఇంకేమీ వేసుకోకూడదు. చాలామంది ఇది అడగడానికి మొహమాటపడి, లోపలి బట్టల కుట్లతోనే ఒరుసుకుపోతుంటారు. పైన మీ అలవాటు ప్రకారం కుర్తా వేసుకోవచ్చు. చున్నీ మాత్రం వద్దు, చైనుకి దాని మీద మహా ఇష్టం.

ఇప్పుడు అబ్బాయి చెప్పిన సైకిల్. నిజం చెప్పాలంటే అది మంచి సైకిలే. మీ 13, 14 కిలోల సైకిల్ ముందు నాలుగు కిలోలైనా తేలిక. గేర్లలో కూడా దానిదే పైచేయి. మీరు లెక్కల టీచరు కదా, పళ్లు లెక్కపెట్టి మరీ రాశారు, పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 42, వెనక ఉన్నవాటిలో పెద్దదానికి 28 అని. 42ని 28తో భాగిస్తే 1.5. టైరుతో కలిపి సైకిల్ చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే అన్నిటికన్నా తేలిక గేరులో కూడా ఒక్కసారి పెడల్ తిప్పితే సైకిల్ 3.3 మీటర్లు పోవాలి. సామానుతో ఎత్తు ఎక్కేటప్పుడు మోకాలి మీద పడేది ఆ భారమే. అబ్బాయి చెప్పినదానికి ముందు 40, వెనక 44. భాగిస్తే 0.91, దూరం 2 మీటర్లు. తేడా చిన్నది కాదు.

కానీ మీ సైకిల్‌కి వెనక 14-34 పళ్ల ఫ్రీవీల్, అంటే వెనక ఉండే పళ్ల చక్రాల గుత్తి, వేయిస్తే 3.3 కాస్తా 2.7కి దిగుతుంది. గేరు మార్చే డెరైలర్ దానికి సరిపోతుందో లేదో మెకానిక్‌ని చూడమనండి, సరిపోకపోతే అదీ మార్చాలి. భద్రాచలం దారిలో పెద్ద ఘాట్లు లేవు, ఎత్తుపల్లాలే. 2.7 చాలు. శ్రీశైలమో అరకో అనుకున్న రోజున పెడల్ దగ్గరి పళ్ల చక్రం కూడా చిన్నది వేయించాలి.

ఆ సైకిల్‌తో మీకు అసలు చిక్కు సైజు. 52 అనేది మామూలుగా మీకంటే నాలుగైదు అంగుళాలు ఎత్తున్నవాళ్లకి సరిపోతుంది. ఇప్పుడు పడుతున్న బాధే కార్బన్‌లో పడతారు. మీకు 48 లేదా ఎక్స్‌ఎస్ కావాలి. అంత చిన్న ఫ్రేములో పెద్ద చక్రాలుంటే మలుపులో పాదం ముందు టైరుకి తగులుతుంది, అదీ చూసుకోవాలి.

దాని తర్వాత చిక్కు సంచులతో. దీని గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే వీడియోలు తీసేవాళ్లంతా ఆరడుగుల మనుషులు. సీటు కింద వేలాడే పొడుగు సంచికి, వెనక టైరుకి మధ్య జాగా ఉండాలి. మీ ఎత్తుకి సీటు కిందే ఉంటుంది కాబట్టి నాలుగు జతల బట్టలు కుక్కగానే సంచి టైరుకి రాసుకుంటుంది. ఫ్రేము మధ్య సంచి పెడితే చిన్న ఫ్రేములో నీళ్ల సీసాకి చోటు పోతుంది. జనవరిలో అయినా ఒంటిగంట ఎండలో మనకి రెండు లీటర్ల నీళ్లు లేకుండా కుదరదు. హ్యాండిల్ సంచి హ్యాండిల్ కొమ్ముల మధ్య ఇరుక్కుని బ్రేకు వైర్లని నొక్కుతుంది. మీలాంటివాళ్లకి పాత పద్ధతే మేలు. వెనక గట్టి క్యారియర్, దానికి అటూ ఇటూ రెండు చిన్న సంచులు. బరువు కిందికి ఉంటుంది, సైకిల్ ఊగదు, సాయంత్రం రెండు చేతులతో తీసుకుని గదిలోకి నడుస్తారు. మీ హైబ్రిడ్‌కి వెనక ఇరుసు దగ్గర క్యారియర్ బిగించే మర కన్నాలు ఉండే ఉంటాయి, ఒకసారి చూడండి. చాలా కార్బన్ ఫ్రేములకి ఆ కన్నాలు ఉండవు, క్లాంపు వేసి బిగించకూడదు కూడా.

ఇంకొకటి, దారిలో పాడైతే ఏమిటన్నది. తుమ్మ ముళ్లున్న మన దారులకి ట్యూబ్‌లెస్ నిజంగా మంచిదే, చిన్న కన్నాలు వాటంతటవే పూడుకుంటాయి. కానీ లోపలి ద్రవం మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, మళ్లీ పోసుకోవాలి. టైరు రిమ్ము నుంచి ఊడితే తిరిగి కూర్చోబెట్టడానికి చేతి పంపు సరిపోకపోవచ్చు. అప్పుడు మామూలు ట్యూబు వేసేసుకోవచ్చు అనుకోండి. అలాంటి సైకిళ్లకి గాలి కొట్టే వాల్వు సన్నగా ఉంటుంది, దానికి తాడ్వాయి పంక్చర్ షాపు పంపు పట్టదు. రూపాయి బిళ్లంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే పడుతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒకసారి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటాక టీ తాగడానికి ఆగాను. గోడకి ఆనించిన సైకిల్ గేర్ల వైపు ఒరిగి పడింది. గీత కూడా పడలేదని సంతోషించి ఎక్కాను. రెండు కిలోమీటర్లు పోయాక గేరు మారిస్తే డెరైలర్ వెళ్లి చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క పడినప్పుడే వంగిపోయి, ఇప్పుడు విరిగిపోయింది. రాత్రి 9 దాటితే ఆ అడవి దారి మూసేస్తారు. టమాటా ట్రేల పక్కన డీసీఎంలో కూర్చుని హైదరాబాద్ చేరాను. అప్పుడు తెలిసింది, ఆ ముక్క ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకమని. రెండు షాపులు తిరిగాను, లేదు. తెప్పించడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అప్పట్నుంచి ఏ సైకిల్ కొన్నా ముందు అడిగేది దాని హ్యాంగర్ ఇంకోటి. మీ హైబ్రిడ్‌కి కూడా కొని పెట్టుకోండి.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

పాత సైకిల్‌నే బాగుచేసుకోవడం ఒకటి. సీటు, స్టెమ్, ఫ్రీవీల్, 38 మిల్లీమీటర్ల మంచి టైర్లు, క్యారియర్, సంచులు, లైట్లు అన్నీ కలిపి నా అంచనాలో 15,000 లోపు. దీంతో జనవరిలో భద్రాచలం వెళ్లొచ్చు, సందేహమే లేదు. నష్టం ఏమిటంటే, ఫ్రేమే మీకు పెద్దదైతే ఎన్ని మార్చినా కొంత ఇబ్బంది మిగిలే ఉంటుంది. స్టెమ్ మార్చి, సీటు సరిచేసి, 60 కిలోమీటర్లు తొక్కి చూడండి. వేళ్లు అప్పటికీ మొద్దుబారితే మిగతా డబ్బు ఈ సైకిల్ మీద పెట్టకండి.

అబ్బాయి సైకిలే తీసుకోవడం రెండోది. అప్పుడు సైజు తగ్గించమనండి, గేర్లు వైరుతో పనిచేసేవి చూడమనండి, క్యారియర్ కన్నాలున్న అల్యూమినియం ఫ్రేము ఉంటే మరీ మంచిది. మీరు నడపకుండా కొంటున్నారన్నది గుర్తుంచుకోండి. సామానుగా తెస్తే విమానం వాళ్ల ఛార్జీ ఉంటుంది, ఉచిత పరిమితి దాటిన విలువకి ఇక్కడ కస్టమ్స్ సుంకం ఉంటుంది, అవి రెండూ బయలుదేరే ముందే లెక్క చూసుకోమనండి. వారంటీ చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఎలక్ట్రానిక్ గేర్లే కావాలని పట్టుబడితే, విడిగా తెచ్చే బ్యాటరీ చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి. దాని చార్జరు మీ సామానులో ఇంకో బరువు.

మూడోది, ఇక్కడే కొనుక్కోవడం. హైదరాబాద్ వెళ్లి, మూడు నాలుగు షాపుల్లో చిన్న సైజు సైకిళ్లు ఎక్కి, అరగంటేసి తొక్కి చూసి, స్టీలుదో అల్యూమినియందో, డిస్క్ బ్రేకులు, క్యారియర్ కన్నాలు ఉన్నది తీసుకోవడం. డబ్బు అబ్బాయి ఇస్తాడు. డల్లాస్‌లో పెట్టేదాంట్లో సగం కూడా కాకపోవచ్చు. రైలు బ్రేక్ వ్యానులో పడేసినా, ట్రాలీ ఆటోలో తాడేసి కట్టినా గుండె దడ ఉండదు. చిక్కల్లా చిన్న సైజులు ఇక్కడ షాపుల్లో తక్కువగా ఉండటం. ఆర్డరిచ్చి నెల రోజులు ఆగాల్సి రావచ్చు.

నేనైతే జనవరి దాకా పాతదానితో నడిపించి, భద్రాచలం వెళ్లొచ్చాక మూడో దారి పట్టేవాణ్ణి. నాలుగు రోజుల ప్రయాణం చేసిన మనిషి షాపులో అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

బీఆర్ఎం గురించి గ్రూపు మాటకి భయపడనక్కర్లేదు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల సమయం ఉంటుంది. మీరు రామప్ప దారిలో గంటకి 17 కిలోమీటర్లు తొక్కానని రాశారు. ఆ లెక్కన తొక్కడానికి పదకొండు ముప్పావు గంటలు, తినడానికి, ఆగడానికి గంటా నలభై ఐదు నిమిషాలు. మనిషి కాళ్లతో నడిచే ఏ సైకిలైనా పనికొస్తుంది, కార్బనే ఉండాలని ఎక్కడా లేదు. హెల్మెట్, లైట్లు, మెరిసే జాకెట్ ఉండాలి. అయితే అందులో గడియారం చూసుకుంటూ తొక్కాలి. మీరు రాసిన నాలుగు పేజీల్లో గోదావరి గురించి ఉంది, గుడి గురించి ఉంది, గడియారం గురించి ఒక్క ముక్క లేదు. అందుకే మీ సైకిల్‌ని భద్రాచలం కోసం ఎంచుకోండి, బీఆర్ఎం దాని మీదే ఒకసారి చేసి చూడండి. అన్నట్టు బీఆర్ఎంలో సహాయ వాహనం వెంట రాకూడదు, దారిలో ఆగి హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర మాత్రమే కలవచ్చు.

ఈ రూలు మీ వారికి బాగా పనికొస్తుంది. కారు వెనకే పాకుతూ వస్తే మీకు పొగ, ఆయనకి విసుగు, ఇద్దరికీ గొడవ. వెనకొచ్చే లారీలకి కూడా అది ప్రమాదమే. ఆయన్ని కంట్రోల్ పాయింటు చేయండి. పొద్దున టిఫిన్ దగ్గర ఒకసారి, మధ్యాహ్నం భోజనం దగ్గర ఒకసారి, రాత్రి బస దగ్గర. మధ్యలో ఆయన లక్నవరం చూసి రావచ్చు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి లైవ్ లొకేషన్ ఆగిపోగానే కంగారుపడొద్దని ముందే చెప్పండి. "ఫలానా ఊరికి పన్నెండింటికి, ఒంటిగంట దాటితే వెతుక్కుంటూ రండి" అని మాట అనుకోండి. ఆ అడవి దాటేది పగలే ఉండాలి. రామప్పకి తోడొచ్చిన స్నేహితురాళ్లలో ఒకరైనా వస్తే ఆయన సగం భయం పోతుంది. రోజూ దారిలో పెట్రోలు బంకులు ఎక్కడున్నాయో మ్యాపులో ముందే గుర్తుపెట్టుకోండి. బాత్రూం కోసమని నీళ్లు తాగడం తగ్గించే తప్పు మన ఆడవాళ్లు చాలామంది చేస్తారు. మేడారం జాతర రోజులు మాత్రం తప్పించండి, ఆ దారంతా బండ్లే.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు టెంటు, స్టవ్వు అన్నీ రాసుకున్నారు. అవేవీ వద్దు. ములుగులో, ఏటూరునాగారంలో, మణుగూరులో అన్నం దొరుకుతుంది, భద్రాచలంలో సత్రాలున్నాయి, హరిత హోటల్ ఉంది. బసలు ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి, సైకిల్ గదిలో పెట్టనిస్తారా అని కూడా అడగండి. తొక్కే బట్టలు రెండు జతలు, రాత్రికి ఒకటి, తెల్లవారుజాము చలికి స్వెట్టర్. రెండు ట్యూబులు, ప్యాచీలు, చిన్న పంపు, అల్లెన్ కీల సెట్టు, చైను లింకు, పాత టైరు ముక్క ఒకటి, టైరు చీలితే లోపల పెట్టడానికి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అన్నీ కలిపి ఆరు కిలోలు దాటకూడదు, వంటింటి తూకం మీద పెట్టి చూడండి. గాలి 80 పీఎస్ఐ దాకా కొట్టిస్తున్నానన్నారు, 38 టైరుకి అది రాయి. మీ బరువుకి, ఆ సామానుకి 45, 50 దగ్గర మొదలుపెట్టండి, ముందు టైరుకి ఇంకాస్త తక్కువ. సగం చేతి నొప్పి అక్కడే తగ్గుతుంది.

చివరికి అబ్బాయి. "వద్దు" అని చెప్పకండి, "ఇది కావాలి" అని చెప్పండి. మూడేళ్ల తర్వాత వస్తున్న పిల్లాడు చేతులూపుకుంటూ రాలేడు. రాత్రిపూట రోడ్డు బాగా కనిపించే మంచి లైటు, మీరు అట్టముక్క మీద కొలిచిన వెడల్పు సీటు, నీళ్లు చొరని వెనక సంచుల జత. ఇవన్నీ ఒక సూట్‌కేసులో పడతాయి, మీరు రోజూ వాడతారు. సైకిలే కొనిస్తానంటే, వచ్చాక ఇద్దరూ కలిసి హైదరాబాద్ షాపులకి వెళ్లండి.

అతను ఇప్పుడే తేల్చమంటే వాదన పెట్టుకోకండి. ఈ ఆదివారం మీ సైకిల్ సీటు ఎత్తు, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా దూరం టేపుతో కొలవండి. ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం ఒకటి పైకి ఆనించి పట్టుకుని, నేల నుంచి దాని పై అంచు ఎంత ఎత్తుందో మీ వారిని కొలవమనండి. ఈ మూడు అంకెలూ వాట్సాప్‌లో పంపండి. అతను చూస్తున్న సైకిల్ పేజీలోనే రీచ్, స్టాక్ అని, అంటే ఫ్రేము ముందుకి ఎంత, పైకి ఎంత అని చెప్పే కొలతల పట్టిక ఉంటుంది. 52 సైజు మీకు సరిపోతుందో లేదో అతన్నే లెక్కవేసి చెప్పమనండి, లెక్కల టీచరు కొడుకే కదా.